హెడ్‌ఫోన్ యాంప్లిఫయరు

హెడ్‌ఫోన్ యాంప్లిఫయరు అనగా ఫోను, కంప్యూటరు, సీడీ ప్లేయరు వంటి సాధనాల నుండి వచ్చే బలహీనమైన ధ్వని సంకేతాన్ని, హెడ్‌ఫోనును నడపడానికి సరిపడే వోల్టేజికి, విద్యుత్ ప్రవాహానికి పెంచే పరికరం. పాఠ్యపుస్తకాలలో యాంప్లిఫయరును వర్ధకం అని కూడా అంటారు. చెవి దగ్గర పెట్టుకునే హెడ్‌ఫోనుకు లౌడ్‌స్పీకరుతో పోలిస్తే చాలా తక్కువ విద్యుత్ సామర్థ్యం చాలు. స్పీకరుకు వాట్లు అవసరమైన చోట హెడ్‌ఫోనుకు సాధారణంగా మిల్లీవాట్లు సరిపోతాయి.

హెడ్‌ఫోను పెట్టుకునే సౌకర్యమున్న ప్రతి ఫోనులోను, ల్యాప్‌టాపులోను ఒక చిన్న యాంప్లిఫయరు ఉంటుంది. అది చాలనప్పుడు మాత్రమే విడి యాంప్లిఫయరు అవసరమవుతుంది. ఖరీదైన హెడ్‌ఫోనుకు ఖరీదైన యాంప్లిఫయరు తప్పనిసరి అనే అభిప్రాయం ప్రచారంలో ఉంది. కాని ఒక హెడ్‌ఫోనుకు ఎంత బలం కావాలన్నది దాని ధరను బట్టి కాక, సూక్ష్మగ్రాహ్యత, అవరోధం అనే రెండు కొలతలను బట్టి నిర్ణయమవుతుంది. ఈ రెండూ తెలిస్తే, కొనకముందే ఇంటర్మీడియట్ స్థాయి గణితంతో అవసరాన్ని లెక్కకట్టవచ్చు.

చరిత్ర

అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నథానియల్ బాల్డ్విన్ తన ఇంటి వంటగదిలో తయారుచేసిన హెడ్‌ఫోన్లను 1910లో ఆ దేశపు నౌకాదళం కొనుగోలు చేసింది. తొలినాటి హెడ్‌ఫోన్లు ప్రధానంగా రేడియో, టెలిఫోను సంకేతాలు వినడానికి ఉపయోగపడేవి. 1937లో బెర్లిన్‌లో యూజెన్ బేయర్ సంస్థ డీటీ 48 అనే డైనమిక్ హెడ్‌ఫోనును విడుదల చేసింది. 1958లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో జాన్ కాస్ స్టీరియో సంగీతం వినడానికి అనువైన హెడ్‌ఫోనును ప్రదర్శించాడు. 1960లో జపాను సంస్థ స్టాక్స్ ఎలక్ట్రోస్టాటిక్ రకాన్ని, 1968లో జర్మనీ సంస్థ సెన్‌హైజర్ వెనుక భాగం తెరచి ఉండే హెచ్‌డి 414 ను మార్కెట్లోకి తెచ్చాయి. ఇదే సంస్థకు చెందిన హెచ్‌డి 600 (1997), హెచ్‌డి 650 (2003) నమూనాలు మేలురకం హెడ్‌ఫోన్లకు కొలమానంగా పేరుపొందాయి.

చాలాకాలం వరకు ఇళ్ళలోని స్టీరియో రిసీవర్లు స్పీకర్ల కోసం తయారైన యాంప్లిఫయరు నుండే, మధ్యలో కొన్ని వందల ఓంల నిరోధకాన్ని ఉంచి, హెడ్‌ఫోనుకు సంకేతాన్ని పంపేవి. 1990ల చివరలో చూ మోయ్ రూపొందించిన చిన్న యాంప్లిఫయరు ఔత్సాహికులలో విశేష ప్రచారం పొందింది. 9 వోల్టుల బ్యాటరీతో పనిచేసే ఈ సర్క్యూట్‌ను చాలామంది పిప్పరమెంటు బిళ్ళల రేకు డబ్బాలో అమర్చుకునేవారు. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో రాసిన ఇంజనీరు ఓ2 అనే యాంప్లిఫయరు నమూనాను, దాని కొలతలతో సహా అందరికీ ఉచితంగా అందించాడు. తక్కువ ధర యాంప్లిఫయరు కూడా చెవికి అందే విరూపణ లేకుండా పనిచేయగలదని ఈ నమూనా చాటింది.

హెడ్‌ఫోన్లలో రకాలు

డైనమిక్: పలుచని పొరకు అతికించిన తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో కదులుతుంది. అత్యధిక హెడ్‌ఫోన్లు ఈ రకానివే. వీటి అవరోధం పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది.

ప్లానార్ మాగ్నెటిక్: పొర మీదనే వాహకం పరచి ఉంటుంది. అవరోధం దాదాపు స్థిరంగా ఉంటుంది. కొన్ని నమూనాలకు ఎక్కువ విద్యుత్ ప్రవాహం కావాలి.

ఎలక్ట్రోస్టాటిక్: వందల వోల్టుల స్థిర వోల్టేజి అవసరం. సాధారణ యాంప్లిఫయరుకు నేరుగా కలపకూడదు. ప్రత్యేక యాంప్లిఫయరు ధరను కూడా హెడ్‌ఫోను ధరలో భాగంగానే లెక్కించాలి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో యాంప్లిఫయరు లోపలే ఉంటుంది. వైర్‌లెస్ పద్ధతిలో వాడేటప్పుడు వీటికి విడి యాంప్లిఫయరు కొనడం వలన ప్రయోజనం లేదు.

ముఖ్యమైన కొలతలు

అవరోధం: విద్యుత్ ప్రవాహాన్ని హెడ్‌ఫోను ఎంతగా అడ్డుకుంటుందో తెలిపే కొలత. దీనినే ఇంపెడెన్స్ అంటారు. ప్రమాణం ఓం. ఒకే వోల్టేజి వద్ద అవరోధం పెరిగేకొద్దీ ప్రవాహం తగ్గుతుంది.

సూక్ష్మగ్రాహ్యత: నిర్ణీత విద్యుత్తు అందినప్పుడు హెడ్‌ఫోను ఎంత బిగ్గరగా మోగుతుందో తెలిపే కొలత. దీనిని కొన్ని సంస్థలు 1 మిల్లీవాటుకు, మరికొన్ని 1 వోల్టుకు ఇన్ని డెసిబెల్‌లు అని ప్రకటిస్తాయి. ఈ రెండింటిని కలగలిపి పోల్చడం తరచు జరిగే పొరపాటు. మిల్లీవాటు అంకెను వోల్టు అంకెగా మార్చడానికి దానికి 30 కలిపి, అవరోధపు సంవర్గమానానికి 10 రెట్లు తీసివేయాలి. అనగా 32 ఓంల హెడ్‌ఫోనుకు సుమారు 15, 300 ఓంల దానికి 5.2, 600 ఓంల దానికి 2.2 కలపాలి.

అవసరాన్ని లెక్కకట్టే పద్ధతి

సంగీతంలో సగటు స్థాయి కంటే మృదంగపు దెబ్బ వంటి క్షణికమైన ధ్వనులు 20 డెసిబెల్‌లు ఎక్కువగా ఉండవచ్చు. సగటున 80 డెసిబెల్‌ల వద్ద వినేవారికి అటువంటి క్షణాలలో 100 డెసిబెల్‌లు అవసరం. మెల్లగా రికార్డు చేసిన పాటలను, ఈక్వలైజరు వాడకాన్ని దృష్టిలో ఉంచుకొని 110 డెసిబెల్‌లను లక్ష్యంగా తీసుకుంటే తగినంత వెసులుబాటు ఉంటుంది. ఇది క్షణికమైన గరిష్ఠ స్థాయి మాత్రమే, వినవలసిన సగటు స్థాయి కాదు. వోల్టేజి రెట్టింపైతే ధ్వని స్థాయి 6 డెసిబెల్‌లు, సామర్థ్యం పది రెట్లైతే 10 డెసిబెల్‌లు పెరుగుతుంది.

తయారీదారులు ప్రకటించిన అంకెల ఆధారంగా నాలుగు హెడ్‌ఫోన్లకు 110 డెసిబెల్‌ల వద్ద ఉజ్జాయింపు అవసరాలు ఇలా ఉంటాయి.

గ్రాడో ఎస్‌ఆర్60ఈ (32 ఓంలు, 1 మిల్లీవాటుకు 99.8 డెసిబెల్‌లు): 0.6 వోల్టు, 18 మిల్లీఆంపియర్లు, 10 మిల్లీవాట్లు.

సెన్‌హైజర్ హెచ్‌డి 650 (300 ఓంలు, 1 వోల్టుకు 103 డెసిబెల్‌లు): 2.2 వోల్టులు, 7.5 మిల్లీఆంపియర్లు, 17 మిల్లీవాట్లు.

బేయర్‌డైనమిక్ డీటీ 880 (600 ఓంలు, 1 మిల్లీవాటుకు 96 డెసిబెల్‌లు): 3.9 వోల్టులు, 6.5 మిల్లీఆంపియర్లు, 25 మిల్లీవాట్లు.

హైఫైమాన్ హెచ్‌ఈ-6 (50 ఓంలు, 1 మిల్లీవాటుకు 83.5 డెసిబెల్‌లు): 4.7 వోల్టులు, 95 మిల్లీఆంపియర్లు, 450 మిల్లీవాట్లు.

చివరి రెండింటికీ కావలసిన వోల్టేజిలో పెద్ద తేడా లేదు. కాని 50 ఓంల హెడ్‌ఫోనుకు 600 ఓంల దానికంటే 14 రెట్లకు పైగా ప్రవాహం కావాలి. కనుక అవరోధం ఎక్కువైతేనే నడపడం కష్టమన్న మాట సరికాదు. 600 ఓంల హెడ్‌ఫోనుకు వోల్టేజి, తక్కువ సూక్ష్మగ్రాహ్యత గల ప్లానార్ హెడ్‌ఫోనుకు ఆ రెండూ అవసరం.

2018లో యాపిల్ సంస్థ విడుదల చేసిన యూఎస్‌బీ-సీ హెడ్‌ఫోను అడాప్టరు సుమారు 1 వోల్టు ఇస్తుంది (ఐరోపా మార్కెట్టు రకం అందులో సగమే ఇస్తుంది). పై లెక్క ప్రకారం ఇది గ్రాడోకు పూర్తిగా సరిపోతుంది. హెచ్‌డి 650 కు 103 డెసిబెల్‌ల వరకు ఇస్తుంది కనుక మితమైన స్థాయిలో వినేవారికి చాలును. హెచ్‌ఈ-6 కు మాత్రం చాలదు.

యాంప్లిఫయరు బహిర్గత అవరోధం

యాంప్లిఫయరుకు కూడా కొంత అవరోధం ఉంటుంది. ఇది హెడ్‌ఫోను అవరోధంలో ఎనిమిదో వంతు కంటే తక్కువ ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. 32 ఓంల హెడ్‌ఫోనుకు 4 ఓంలు మించరాదన్నమాట.

హెచ్‌డి 650 అవరోధం 300 ఓంలుగా ప్రకటించినా, 100 హెర్ట్జుల సమీపంలో అది దాదాపు 500 ఓంలకు చేరుతుంది. దీనిని 120 ఓంల బహిర్గత అవరోధం గల యాంప్లిఫయరుకు కలిపితే ఆ ప్రాంతంలో మంద్ర ధ్వని సుమారు 1 డెసిబెల్ పెరుగుతుంది. 32 నుండి 64 ఓంల వరకు మారే హెడ్‌ఫోను అయితే అదే యాంప్లిఫయరు వద్ద మార్పు 4 డెసిబెల్‌లు దాటుతుంది. బహిర్గత అవరోధం 1 ఓం ఉంటే మొదటిదానిలో మార్పు వినబడదు, రెండవదానిలోనూ అది పావు డెసిబెల్‌ను మించదు. ఒక యాంప్లిఫయరు "వెచ్చగా" మోగుతుందని చెప్పడానికి తరచు ఈ మార్పే కారణం. ట్రాన్స్‌ఫార్మరు లేని వాల్వు యాంప్లిఫయర్లలో ఈ అవరోధం సాధారణంగా ఎక్కువ. అవి 300-600 ఓంల డైనమిక్ హెడ్‌ఫోన్లకు తగినవి, తక్కువ అవరోధపు ప్లానార్ రకానికి తగవు.

పరిమిత ఖర్చుతో ఎంపిక

వినబడే తేడాలలో అధిక భాగం హెడ్‌ఫోనువే. అందువలన డబ్బులో ఎక్కువ భాగం హెడ్‌ఫోనుకే కేటాయించి, యాంప్లిఫయరుకు అవసరమైనంత మాత్రమే ఖర్చు చేయడం మేలు. ఎంపికలో ఈ క్రమం ఉపయోగకరం.

1. వినే చోటును బట్టి రకాన్ని నిర్ణయించాలి. వెనుక భాగం తెరచి ఉన్న హెడ్‌ఫోను నిశ్శబ్దంగా ఉండే గదికి తగినది. హాస్టలు గదిలో దాని శబ్దం పక్కవారికి వినబడుతుంది. ఫ్యాను, వీధి శబ్దాలు లోపలికి వస్తాయి.

2. చెవి మెత్తలు, తీగ విడిగా దొరికే నమూనాను ఎంచుకోవాలి. మెత్తలు అరిగితే ధ్వని మారుతుంది.

3. మొదట హెడ్‌ఫోను మాత్రమే కొని, ఉన్న ఫోనుకు లేదా కంప్యూటరుకు కలిపి వినాలి. వాల్యూము పూర్తిగా పెంచినా చాలకపోతే, లేదా నేపథ్యంలో బుసబుస శబ్దం వినిపిస్తే యాంప్లిఫయరు గురించి ఆలోచించాలి.

4. యాంప్లిఫయరు ప్రకటించిన సామర్థ్యం ఏ అవరోధం వద్ద కొలిచినదో చూడాలి. 32 ఓంల వద్ద ఇచ్చే మిల్లీవాట్లు 300 ఓంల వద్ద లభించవు.

5. వర్ధనాన్ని తగ్గించే మీట ఉన్నది మేలు. వర్ధనం ఎక్కువైతే సూక్ష్మగ్రాహ్యత గల హెడ్‌ఫోన్లలో బుసబుస పెరుగుతుంది. వాల్యూము కొద్దిగా తిప్పగానే చెవులు అదురుతాయి.

ఒకే నమూనా వేరే పేరుతో చవకగా దొరకడం కూడా కలదు. 2016లో మాస్‌డ్రాప్ సంస్థ హెచ్‌డి 650 ఆధారంగా తయారైన హెచ్‌డి 6ఎక్స్ఎక్స్‌ను సుమారు 200 డాలర్లకు విక్రయించింది.

ధ్వని స్వభావం నచ్చనప్పుడు యాంప్లిఫయరు మార్చడం కంటే ఉచితంగా లభించే ఈక్వలైజరు సాఫ్ట్‌వేరు ఎక్కువ మార్పు తేగలదు. అయితే మంద్ర ధ్వనిని 6 డెసిబెల్‌లు పెంచితే ఆ ప్రాంతంలో రెట్టింపు వోల్టేజి కావాలి.

అపోహలు

సామర్థ్యం ఎక్కువైతే నాణ్యత పెరుగుతుంది: అవసరానికి మించిన సామర్థ్యం ఉపయోగపడదు. 17 మిల్లీవాట్లు చాలే హెడ్‌ఫోను 2 వాట్ల యాంప్లిఫయరు నుండి కూడా ఆ స్థాయికి 17 మిల్లీవాట్లే తీసుకుంటుంది.

బ్యాలెన్స్‌డ్ కనెక్షను ఎప్పుడూ మెరుగు: ఇది వోల్టేజిని రెట్టింపు వరకు పెంచగలదు. అలాగే బహిర్గత అవరోధాన్ని కూడా పెంచుతుంది. అదనపు వోల్టేజి అవసరం లేని హెడ్‌ఫోనుకు దీని కోసం ఖర్చు చేయనక్కరలేదు.

విని పోల్చితే చాలు: రెండింటిలో కొద్దిగా బిగ్గరగా మోగేది మెరుగని చెవికి తోస్తుంది. మల్టీమీటరుతో వోల్టేజిని సమానం చేసి, ఏది మోగుతున్నదో తెలియకుండా విన్నప్పుడే పోలిక నమ్మదగినది.

వినికిడి భద్రత

శక్తిమంతమైన యాంప్లిఫయరు చెవికి హాని కలిగించగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు సగటున 80 డెసిబెల్‌ల వద్ద వారానికి 40 గంటల వరకు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకు ఈ సమయం సగమవుతుంది. 90 డెసిబెల్‌ల వద్ద అది వారానికి 4 గంటలే. విరూపణ లేని ధ్వని బిగ్గరగా ఉన్నా అంత కటువుగా తోచకపోవచ్చు కనుక, మంచి పరికరాలు వాడేవారు తెలియకుండానే వాల్యూము పెంచే అవకాశం ఉంది. హెడ్‌ఫోను పెట్టుకునే ముందు వాల్యూమును తగ్గించడం, చెవులలో హోరు వినిపిస్తే వినడం ఆపడం అవసరం. శబ్దం వలన శాశ్వతంగా కోల్పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇవి కూడా చూడండి

ధ్వని
డెసిబెల్
ఓం నియమం
లౌడ్‌స్పీకరు
ట్రాన్సిస్టరు