చేతిలో సెల్లు, చేలో పురుగు



వెనుకటి రోజులలో సేద్యపు సంగతి ఏదన్నా తెలుసుకోవాలంటే పక్క చేను రైతును అడిగేవారు. లేదా గ్రామసేవకుడు సైకిలు మీద వచ్చేదాకా కనిపెట్టుకొని ఉండేవారు. ఆ తరువాత ఊళ్ళోకి రేడియో వచ్చింది. 1960 తరువాతి సంవత్సరాలలో తంజావూరు జిల్లా రైతులు ఏ.డి.టి.-27 అనే వరిని గురించి రేడియోలో విని, వేసి, దానికి 'రేడియో వరి' అనే పేరే పెట్టారు. అయితే ఒక చిక్కుంది. రేడియో చెబుతుంది, మనం వింటాం. మన చేలో పురుగును దానికి చూపించటం ఎలాగ?

ఆ కొరతను ఇప్పుడు సెల్‌ఫోను తీర్చింది. 2018లో కత్తెర పురుగు మన దేశంలో మొదట కర్ణాటకలో కనిపించింది. ఆ ఏడే మన మొక్కజొన్న చేలకూ వచ్చింది. ఇది అమెరికా ఖండాల పురుగు. తాతలనాటి అనుభవం దీని దగ్గర పనికిరాలేదు. అటువంటప్పుడు ఫోటో తీసి శాస్త్రజ్ఞులకు పంపితే చాలు, పోల్చి చెప్పగలరు. గుర్తులు మీరూ తెలుసుకోండి: తల మీద తలకిందులుగా ఉన్న ఇంగ్లీషు 'వై' అక్షరం, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్లచుక్కలు. ఇది ఆకు సుడిలో దాగి తింటుంది. కాబట్టి మందు సుడిలో పడాలి. ఆకుల పైపైన చల్లితే డబ్బు దండుగ.

అయితే ఒక హెచ్చరిక. ఆ ఫోనులోనే ఊరూ పేరూ లేని కబుర్లూ వస్తాయి. "మూడు మందులు కలిపి కొట్టండి, రాత్రికి రాత్రే పురుగు మాయం" అంటారు. నమ్మి కొడితే పైరు మాడవచ్చు, అప్పు మిగలవచ్చు. కబురు పంపినవాడు వచ్చి ఆ అప్పు తీర్చడు గదా! అందుచేత ఏ కబురు వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకోండి. చెప్పింది ఎవరు? ఎప్పుడు చెప్పారు? ఏ పంటకు, ఏ వయసు పైరుకు చెప్పారు? మూడింటికీ జవాబు దొరక్కపోతే డబ్బా మూత తియ్యవద్దు.

పెద్ద ఫోను లేనివారు, చదువు రానివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటరుకు మామూలు ఫోను నుంచే మాట్లాడవచ్చు. నంబరు 1800-180-1551. ఉదయం 6 గంటల నుంచి రాత్రి 10 గంటల దాకా తెలుగులోనే జవాబు చెబుతారు, ఖర్చు లేదు. పైరు రకం, వయసు, ఆకు ఎలా ఉన్నదీ, ఇంతవరకు ఏ మందు కొట్టిందీ దాచకుండా చెప్పండి. చేను కౌలుదైనా, మాట్లాడేది ఇల్లాలైనా అడగటానికి సంకోచం వద్దు. అడగందే అమ్మయినా పెట్టదంటారు.

ఫోను అన్నీ చూపిస్తుంది. కాని చేలోకి దిగి ఆకు తిప్పి చూడవలసింది మాత్రం మనమే. రేపు ఉదయం చేనికి వెళ్ళినప్పుడు నాలుగు మొక్కల సుడులు విప్పి చూడండి.