పూస గుణం బెజ్జం చెబుతుంది

ఉంగరంలో పొదిగే రత్నం, దారానికి గుచ్చే పూస ఒకే రాయితో చేసినవైనా, వాటిని ఎంచే కన్ను మాత్రం వేరుగా ఉండాలి. ఉంగరపు రాయి బంగారు గూటిలో కదలకుండా కూర్చుని పైముఖాన్ని మాత్రమే చూపుతుంది. పూస అన్ని వైపులా కనిపిస్తూ, పక్క పూసతో ఒరుసుకుంటూ, మెడ చెమటలో నానుతూ, తన మధ్యగా పోయే దారం మీద ఏళ్ళ తరబడి బరువు మోపుతుంది. ఇంట్లోనే నగలు గుచ్చుకునే సరదా పెరిగి, పుట్టిన నెలకు చెప్పే రాతి పూసలతో దండ చేసి కూతురికో స్నేహితురాలికో కానుకగా ఇవ్వడం ముచ్చటగా మారిన ఈ రోజుల్లో, ఏ నెలకు ఏ రాయి అన్న ప్రశ్నకు జవాబు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. ఆ రాయి పూసగా పనికొస్తుందా, చేతిలో ఉన్న సరం నిజంగా ఆ రాయితో చేసిందేనా అన్న ప్రశ్నలకు మాత్రం పూస నడుమనున్న బెజ్జం దగ్గరే జవాబు వెతకాలి.

నెలల రాళ్ళ పట్టికకు మూలాన్ని బైబిల్ నిర్గమకాండంలో ప్రధాన యాజకుడి వక్షపతకంలో పొదిగిన పన్నెండు రాళ్ళలో చూపడం పరిపాటి అయినా, నేడు చలామణిలో ఉన్న పట్టికకు రూపమిచ్చింది వర్తకులే. అమెరికాలోని నగల వర్తకుల జాతీయ సంఘం 1912లో దానిని ఖరారు చేసింది. ఆ తరువాత 1952లో జూన్‌కు అలెగ్జాండ్రైట్, నవంబరుకు సిట్రిన్ చేరాయి. టాంజానియాలో 1967లో వెలుగుచూసిన నీలి ఊదా రంగు టాంజనైట్‌ను 2002లో డిసెంబరుకు, స్పైనల్‌ను 2016లో ఆగస్టుకు జతచేశారు. వర్తక అవసరాన్ని బట్టి ఇన్నిసార్లు మారిన పట్టికను శాసనంగా భావించి, అందులో మొదట కనిపించిన రాయినే ఎంత ధరైనా పెట్టి కొనాలని హైరానా పడనక్కర లేదు. చాలా నెలలకు రెండు మూడు రాళ్ళున్నాయి గనుక, పూసగా నిలిచేదాన్ని ఎంచుకునే వీలు పట్టికలోనే ఉంది.

తెలుగువారికి పరిచయమైన నవరత్నాల లెక్క దీనికి పూర్తిగా వేరు. సూర్యుడికి కెంపు, చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం, బుధుడికి పచ్చ అంటూ సాగే ఆ వరస గ్రహాలకు సంబంధించినదే తప్ప ఇంగ్లిషు నెలలకు సంబంధించినది కాదు. ఈ రెండింటినీ కలగలపడం వల్ల అంగట్లో పేర్లు తారుమారవుతాయి. నవంబరు రాయిగా చెప్పే టోపాజ్‌ను పుష్యరాగం అని అనువదించడం వాడుకే గాని, గురువుకు పెట్టుకొనే పుష్యరాగం పేరుతో రత్నాల అంగడిలో అమ్మేది సాధారణంగా పసుపు రంగు నీలజాతి రాయి, అంటే కెంపు, నీలం పుట్టిన కురువింద ఖనిజమే. రెండింటి ధరకూ పొంతన ఉండదు. మరోవైపు రాహువుకు చెప్పే గోమేధికం, జనవరికి చెప్పే గార్నెట్ ఒకే కుటుంబానికి చెందిన రాళ్ళు కావడం అంతగా ప్రచారం కాని విశేషం. గార్నెట్ అంటే ఒకే రాయి అనుకోకూడదు, అది ఒకే రకపు స్ఫటిక నిర్మాణమున్న ఖనిజాల కుటుంబం. అందులో తేనెరంగుది గోమేధికం, దానిమ్మ గింజ రంగుది ఆల్మండిన్.

ఆ ఆల్మండిన్ దగ్గర తెలంగాణ పాఠకులు కాసేపు ఆగడం న్యాయం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని గరీబ్‌పేట దగ్గరి గుట్టలో, దాని చుట్టూ పరుచుకున్న కంకరలో ఈ ఎర్రరాళ్ళు దొరుకుతాయి. పుదుచ్చేరి దగ్గర ఉన్న అరికమేడు ప్రాచీన రేవు, రోము సామ్రాజ్యంతో వర్తకం నెరపి, పూసల తయారీకి పేరుపడిన చోటు. అక్కడ బయటపడిన గార్నెట్ రాళ్ళను, పూసలను జర్మనీ, ఫ్రాన్సు, భారతదేశాల పరిశోధకులు గరీబ్‌పేట రాళ్ళతో పోల్చి, వాటి రసాయన కూర్పూ, లోపల చిక్కుకున్న సిల్లిమనైట్ అనే ఖనిజపు నూగు పోగులు అమరిన తీరూ ఒకటేనని తేల్చి 2017లో ప్రకటించారు. అంటే గోదావరికి చేరువలోని ఒక గుట్ట నుంచి బయలుదేరిన రాయి తూర్పుతీరంలో సానబట్టి, బెజ్జం వేయించుకుని, సముద్రవర్తకులకు సరుకైంది. జనవరిలో పుట్టినవారి కోసం దండ గుచ్చేవారు దేశాంతరపు రాయినేదో ఎంచుకుంటున్నామనుకోనక్కర లేదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో బయటపడిన శాతవాహన కాలపు రాతి పూసలు కూడా ఈ నేల మీద పూసల పని ఎంత పాతదో చెబుతాయి.

రాతికి రంగు ప్రకృతి ఇస్తుంది, ఆకారం సానతో వస్తుంది, బెజ్జం మాత్రం మనిషి ఓర్పుకు పరీక్ష. సింధు నాగరికత పనివారు పొడవాటి ఎర్రని కార్నీలియన్ పూసలకు ఎర్నెస్టైట్ అని నేటి పరిశోధకులు పేరుపెట్టిన గట్టి రాతితో చేసిన మొనలు వాడి, రోజుల తరబడి కూర్చుని బెజ్జం దించేవారు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు రాతి పూసలు చేసే కుటుంబాలు వజ్రపు తునకలు పొదిగిన మొనను విల్లుతో తిప్పుతూ ఇదే పని చేస్తూ వచ్చాయి. ఒకవైపు నుంచే తొలిస్తే మొన అవతలికి పొడుచుకొచ్చే చోట రాయి పెచ్చులూడుతుంది గనుక, రెండువైపుల నుంచీ తొలిచి నడుమ కలపడం పనితనం తెలిసినవారి పద్ధతి. ఆ రెండు దారులు సరిగా కలవకపోతే లోపల ఒక మెట్టు ఏర్పడి, దండ కదిలినప్పుడల్లా దారాన్ని కొరుకుతుంది.

గార్నెట్ సరాన్ని కొనబోయేవారు దానిని తెల్లని నూలుగుడ్డ మీద పరచి, కిటికీ వెలుతురులో ఒక్కొక్క పూసనూ దొర్లిస్తే చాలా సంగతులు బయటపడతాయి. బెజ్జం సరిగ్గా నడుమ ఉన్న పూస తిన్నగా దొర్లుతుంది, పక్కకు జరిగిన పూస తూలుతుంది, అలాంటివి సరంలో నాలుగైదు చేరితే దండ మెడ మీద వంకర్లు పోతుంది. బెజ్జం అంచును భూతద్దంలో చూస్తే నున్నగా చెక్కిన గిన్నె అంచులా ఉందో, పగిలిన కుండ మూతిలా ఉందో తెలుస్తుంది. పెచ్చులూడిన అంచు ఉన్న పూసను ఎంత మంచి రంగున్నా వదులుకోవడమే మేలు, ఎందుకంటే దారం తెగేది అక్కడే, రాయి చీలడం మొదలయ్యేదీ అక్కడే.

మోసాన్ని పట్టిచ్చేది కూడా బెజ్జమే. రంగు వేసిన రాయిలో ఆ రంగు సన్నని పగుళ్ళలోకి, బెజ్జం చుట్టూ ఉన్న గరుకు చోటులోకి దిగి, అక్కడ చిక్కగా గూడుకట్టుకుంటుంది. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో దూది పుల్లను ముంచి బెజ్జం అంచున రుద్దితే చాలావరకు కృత్రిమ రంగు పుల్లకు అంటుకుంటుంది. అయితే ముత్యం, పగడం, ఓపల్, పేరోజ రాళ్ళ మీద ఈ పరీక్ష చేయకూడదు, వాటి మెరుపే పోతుంది. డిసెంబరుకు చెప్పే పేరోజ పేరుతో అమ్మే చవక సరాల్లో చాలా భాగం హౌలైట్ లేదా మాగ్నసైట్ అనే తెల్లరాళ్ళకు నీలిరంగు పట్టించినవే. బెజ్జం లోపలికి దీపం వెలుగు పడేలా తిప్పి చూస్తే రంగు దిగని చోట సున్నంలాంటి తెలుపు కనిపిస్తుంది. ఈ తెల్లరాళ్ళు చెడ్డవని కాదు. వాటి పేరు చెప్పి, వాటి ధరకే అమ్మితే అవి కూడా అందమైన పూసలే. పేరు దాచి అమ్మడమే తప్పు, ఆ తప్పును సరదాగా నేర్చుకునేవారి చేతి పని మోయాల్సి రావడం మరింత బాధాకరం.

కెంపు, పచ్చ పూసల విషయంలో జాగ్రత్త ఇంకొంచెం ఎక్కువ అవసరం. జూలై రాయి అయిన కెంపు పూసలు తక్కువ ధరకు దొరుకుతున్నాయంటే, వాటి పగుళ్ళలో సీసం కలిసిన గాజును కరిగించి నింపి ఉండే అవకాశం ఉంది. ఆ గాజు నిమ్మరసానికే దెబ్బతింటుంది గనుక, ఇంట్లో నగలకు చేసే పులుపు శుద్ధి వాటికి తగదు. మే నెల పచ్చలో సహజంగా ఉండే చీలికలను నూనెతో కప్పడం అనాదిగా ఉన్న పద్ధతే, వర్తకులంతా ఒప్పుకున్నదే. అయితే వేడి సబ్బునీళ్ళలో నానబెడితే ఆ నూనె కారిపోయి పూస మబ్బుపట్టినట్టవుతుంది. ఈ రెండు నెలలవారికి చిన్న దండ గుచ్చాలనుకునేవారు, నాణ్యత తక్కువైన రాతిని నలభై కొనే బదులు మంచి పూసను ఒక్కటే కొని నడుమ పతకంలా నిలిపి, పక్కల బంగారు గుండ్లో ముత్యాలో గుచ్చడం ఉత్తమం.

జూన్ రాయి అయిన ముత్యం మిగతా వాటన్నిటికంటే మెత్తనిది. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు కొలిచే మోస్ కొలతలో వజ్రం పదైతే ముత్యం రెండున్నర నుంచి నాలుగున్నర మధ్య ఉంటుంది. గాలిలో ఎగిరే ధూళిలో ఉండే స్ఫటికపు రేణువులు ఏడు. అందుకే ధూళి పట్టిన ముత్యాన్ని పొడిగుడ్డతో గట్టిగా తుడిచినా గీతలు పడతాయి. హైదరాబాద్ ముత్యాల నగరం అయినా, ఆ ముత్యాలు ఏవీ హైదరాబాద్‌లో పుట్టినవి కావు. ఒకప్పుడు పర్షియా సింధుశాఖ నుంచి బస్రా ముత్యాలుగా వచ్చి నిజాం ఏడు సరాల సత్‌లడాలో కూర్చున్నాయి, నేడు ఎక్కువగా చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవి వస్తున్నాయి. ఈ నగరం వాటిని ఏరి, వన్నె తెచ్చి, తొలిచి, జతకూర్చి, గుచ్చి పేరు సంపాదించింది. అంచున చిన్న ముత్యాలు గుత్తులుగా వేలాడే గుత్తపూసల హారం ఆ నేర్పును దూరం నుంచే చాటుతుంది. ముత్యాలను తూకం మీద అమ్ముతారు గనుక బరువు పోకుండా బెజ్జం సన్నగా, ఒక మిల్లీమీటరుకు లోపే వేస్తారు. ఆ సన్నని బెజ్జం అంచున పొర గాజుపెంకులా లేస్తూ కింద మరో పదార్థం కనిపిస్తే అది పూత పూసిన నకిలీ ముత్యమే.

మిగిలిన నెలల రాళ్ళలో కొన్నింటికి ఒక దిశలో తేలిగ్గా చీలిపోయే స్వభావం ఉంది. టోపాజ్, టాంజనైట్, చంద్రకాంత శిల అలాంటివి, వీటి పూసలను గట్టి నేల మీద జారవిడవకూడదు. అక్టోబరు రాయి అయిన ఓపల్‌లో, 2008 తరువాత అంగళ్ళను ముంచెత్తిన ఇథియోపియా రకం నీటినీ నూనెనూ పీల్చుకుంటుంది. నీటితో రంగులు మాయమై ఆరాక తిరిగి రావచ్చు గాని, తలనూనె పీల్చుకుంటే పసుపు పచ్చగా మారే ప్రమాదం ఉంది. ఫిబ్రవరి అమెథిస్ట్, మార్చి అక్వామెరీన్ మాత్రం పూసలకే పుట్టినట్టుగా గట్టివి, ధరలోనూ అందుబాటువి. అమెథిస్ట్ దండను ఎండలో ఆరవేయకుండా ఉంటే చాలు.

రాయిని ఎంచుకున్నాక పూస కొలతను ఎంచుకోవడంలో చాలామంది పొరపాటు పడేది బరువు దగ్గర. సుమారు 40 సెంటీమీటర్ల సరానికి 8 మిల్లీమీటర్ల పూసలైతే 50, 4 మిల్లీమీటర్లవైతే 100 పడతాయి. గార్నెట్ నీటికంటే నాలుగింతలు బరువైనది గనుక పెద్ద పూసల దండ సుమారు 54 గ్రాములు తూగుతుంది, అదే కొలతలో అమెథిస్ట్ దండ దాదాపు 35 గ్రాములే. చిన్న గార్నెట్ పూసలకు మారితే సంఖ్య రెట్టింపైనా బరువు నాలుగోవంతుకు, అంటే 13 గ్రాములకు పడిపోతుంది. రోజూ వేసుకునే దండకు చిన్న పూసలు, పండుగకు తీసే దండకు పెద్ద పూసలు అన్న పాత అలవాటులో ఈ లెక్క దాగి ఉంది.

దారాన్ని కూడా రాయే నిర్ణయిస్తుంది. ముత్యాలకు పట్టుదారం, ప్రతి పూస తరువాత ఒక ముడి అన్నది ఏళ్ళుగా నిలిచిన పద్ధతి. ముడి వల్ల ఒక పూస మరొకదాన్ని ఒరుసుకోదు, దారం తెగినా ఒక్క ముత్యమే రాలుతుంది. గార్నెట్, స్ఫటికం వంటి గట్టి రాళ్ళ బెజ్జాలు పట్టును కోసివేస్తాయి గనుక వాటికి నైలాను పూతగల సన్నని ఉక్కు తీగ తగినది. ముత్యాల మధ్య నీలాన్నో గార్నెట్‌నో కలిపి గుచ్చాలనుకున్నప్పుడు గట్టి రాయి మెత్తనిదాన్ని గీరకుండా నడుమ చిన్న బంగారు గుండు వేయడం తెలివైన పని. కొత్త పట్టుదారం బరువుకు సాగుతుంది గనుక, గుచ్చిన దండను ఒకటి రెండు రోజులు కొక్కేనికి వేలాడదీసి, దారం సాగిన మేరకు సరిచేసి, ఆ తరువాతే చివరి ముడి బిగించాలి. మిగిలిపోయిన రెండు మూడు పూసలను చిన్న గుడ్డ సంచిలో కట్టి దండతోపాటే కానుకగా ఇవ్వాలి, అదే రంగు, అదే కోత, అదే బెజ్జం ఉన్న పూస మరో సరంలో దొరకడం చాలా కష్టం.