పాస్‌వర్డ్ పటిష్ఠత

లక్షలాది ప్రజల వివరాలను భద్రపరచే డేటాబేసుకు పాస్‌వర్డే తాళం. 2002లో ‘స్పైడా’ అనే వార్మ్ అనేక ఎస్‌క్యూఎల్ సర్వర్లలోకి చొరబడింది. అందుకు దానికి గొప్ప నేర్పేమీ అవసరం కాలేదు; సర్వాధికారాలు గల ‘ఎస్‌ఏ’ ఖాతాకు ఆ సర్వర్లలో పాస్‌వర్డే లేదు!

వాడుకరుల జాగ్రత్తను మాత్రమే నమ్ముకొంటే ఇట్టి ముప్పు తప్పదు. కావున నియమాన్ని డేటాబేసే అమలుపరచాలి. ఉదాహరణకు, మైఎస్‌క్యూఎల్‌లో పాస్‌వర్డ్ పరీక్షను మధ్యమ స్థాయిలో ఏర్పరిస్తే, పాస్‌వర్డులో కనీసం 8 అక్షరాలుండాలి. వాటిలో పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, ప్రత్యేక చిహ్నం ఒక్కొక్కటైనా ఉండాలి. లేనిచో అది తిరస్కరిస్తుంది.

అయితే నిడివి బలం మరువరాదు. యాదృచ్ఛికంగా ఎన్నుకొన్న ఆంగ్ల చిన్నక్షరాలను 8 నుండి 12కు పెంచితే, శత్రువు వెదకవలసిన కూర్పులు 4,56,976 రెట్లవుతాయి. పేరో, పుట్టినతేదీయో పాస్‌వర్డయితే ఈ లెక్క చెల్లదు. తెలిసినవాడికి అది తెరచిన తలుపే.