నమూనా రైల్వే: పట్టాల చుట్టూ ఊరు ఎలా పుడుతుంది?

చిన్న రైలింజన్‌ను అట్టపెట్టెలోంచి తీసి పట్టాలపై నిలబెడితే అది ఇంకా ఆటవస్తువే. దాని పక్కన ఎర్రమట్టి గట్టు లేచి, గట్టు మీద ఎండు గడ్డి మొలిచి, కాస్త దూరంలో గేటు దగ్గర ఎడ్లబండి ఆగినప్పుడు చూసేవారి కన్ను మారిపోతుంది. రైలు ఎక్కడి నుంచో వస్తోందనీ, ఎక్కడికో పోతోందనీ అనిపిస్తుంది. నమూనా రైల్వేలు నిర్మించేవారు ఈ భ్రాంతి కోసమే సంవత్సరాల తరబడి శ్రమిస్తారు. పట్టాలు వేయడం వారాల్లో ముగుస్తుంది. చుట్టూ ఉన్న ప్రపంచాన్ని నిలబెట్టడానికి మాత్రం ఒక్కోసారి జీవితకాలం చాలదు.

తొలినాళ్లలో ఈ అభిరుచి ఉన్నవారికి దృశ్యం మీద అంత శ్రద్ధ లేదు. ఆకుపచ్చ రంగు పూసిన చెక్కబల్ల, దాని మీద గుండ్రంగా తిరిగే పట్టాలు, మహా అయితే ఒక రేకు స్టేషను, అంతే. 1930ల్లో ఇంగ్లండుకు చెందిన జాన్ అహెర్న్ తన మ్యాడర్ వ్యాలీ రైల్వేలో ఊళ్లకూ వాగులకూ ఇళ్లకూ రైలుతో సమానమైన స్థానం ఇచ్చాడు. అప్పటి నుంచి లేఅవుట్ అంటే యంత్రాల ప్రదర్శన అన్న భావన మెల్లగా సడలింది.

అదే కాలంలో ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకు వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే యువకుడికి మరో తపన పట్టుకుంది. వేల్ ఆఫ్ వైట్ హార్స్ అనే లోయలోని పూరికప్పు ఇళ్లు ఒక్కొక్కటే కనుమరుగు కావడం, వాటి చోట కొత్త కప్పులు వెలియడం ఆయన కళ్లారా చూశాడు. పోయేదాన్ని ఆపే శక్తి తనకు లేదు గనుక కొలిచి, ఫొటోలు తీసి, 1:76 నిష్పత్తిలో మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. గోడలకు అట్టముక్కలు, రంగుకు నీటిరంగులు. ఒక్కో ఇంటికి నెలల తరబడి పని. 1954లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విట్టెన్‌హామ్ గ్రామంలో ఆయన ప్రారంభించిన పెండన్ మ్యూజియంలో ఆ లోయ దృశ్యం స్వచ్ఛంద కార్యకర్తల చేతుల్లో తరాలు దాటి పెరుగుతూ వచ్చింది. పెరట్లోని కాయగూరల మడి దగ్గర నుంచి కిటికీ తెర దాకా అన్నీ 1920, 30ల నాటివే. చరిత్ర పుస్తకాలు సాధారణంగా పట్టించుకోని పెరడునూ దడినీ బావిగట్టునూ ఒక రైలుబొమ్మల అభిరుచి పట్టి ఉంచింది.

అంకెలు ఒప్పుకోని దూరాలు

దృశ్యం నిర్మించేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు లెక్కలది. ప్రపంచంలో ఎక్కువ మంది వాడే హెచ్‌ఓ స్కేలులో అసలు వస్తువులో 87వ వంతు పరిమాణం ఉంటుంది. మనిషి రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. 20 మీటర్ల తాటిచెట్టు 23 సెంటీమీటర్లు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఒక కిలోమీటరు పదకొండున్నర మీటర్లవుతుంది. 22 పెట్టెల ఎక్స్‌ప్రెస్ రైలు ఆరు మీటర్ల పొడవు తూగుతుంది. రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 28 కమాన్లతో నిలిచిన కొత్త వంతెన దాదాపు 2.7 కిలోమీటర్లు. దాన్ని ఈ స్కేలులో యథాతథంగా కట్టాలంటే 31 మీటర్ల గది కావాలి. అందుకే నిర్మాత మూడు నాలుగు కమాన్లు మాత్రం కట్టి, మిగతా వంతెనను చూసేవారి ఊహకు అప్పగిస్తాడు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న ఆ నిర్ణయంలోనే అతని చూపు ఎంత నిశితమో తేలిపోతుంది. ఒక చోటును గుర్తుపట్టించే లక్షణం ఏదో తెలియనివాడు అన్నీ ఇరికించి, చివరికి ఏ చోటునూ చూపించలేడు.

వంపుల కథ ఇంకా కష్టం. మన బ్రాడ్‌గేజ్ మార్గాల్లో అనుమతించే అత్యంత బిగువైన వంపుకు 175 మీటర్ల వ్యాసార్ధం ఉంటుంది. హెచ్‌ఓలో అది రెండు మీటర్లు. ఇళ్లలోని లేఅవుట్లలో అరవై డెబ్బై సెంటీమీటర్ల వ్యాసార్ధంతోనే రైలు తిరగవలసి వస్తుంది. అంత పొట్టి మలుపులో పెట్టెల మూలలు బయటికి పొడుచుకొచ్చి, నిజమైన రైలు ఎన్నడూ ఇలా తిరగదని పట్టిస్తాయి. ఆ మలుపును దాచడానికే కొండ, సొరంగం, తోపు, గోడౌను అవసరమవుతాయి. నమూనా రైల్వేల్లో సొరంగాలు అన్నేసి ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమవుతుంది.

జర్మనీలోని హాంబర్గ్ నగరంలో 2001లో ప్రారంభమైన మినియటూర్ వుండర్‌లాండ్‌కు కూడా ఈ పరిమితి తప్పలేదు. ప్రపంచంలోకెల్లా పెద్దదిగా పేరొందిన ఈ లేఅవుట్‌లో స్విట్జర్లాండ్ పర్వతాలు రెండు అంతస్తులను చీల్చుకుని పైకి లేస్తాయి. స్కాండినేవియా భాగంలో నిజమైన నీరే, దాదాపు 30,000 లీటర్లు ఉంటుంది. పగలు, సాయంత్రం, రాత్రి పావుగంటకొకసారి మారుతూ ఉంటాయి. అయినా ఏ దేశానికి ఆ దేశం నాలుగైదు గుర్తులుగా కుదించినదే.

కొండ, రాయి, మట్టి

కొండ కట్టే పద్ధతి వినడానికి సులువే. చెక్క చట్రం మీద థర్మోకోల్ పొరలు అతికించి కత్తితో చెక్కుతారు. లేదా ఇనుప జాలీని వంచి, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గుడ్డముక్కలు పరుస్తారు. ఆరిన తరువాత లోపల డొల్ల, పైన గట్టి పెంకు మిగులుతుంది. సొరంగం లోపల రైలు పట్టాలు తప్పితే చెయ్యి దూర్చడానికి వెనుక వైపు ఒక ద్వారం ఉంచకపోతే, తరువాత కొండనే కోయవలసి వస్తుంది.

రాయి దగ్గర అసలు పరీక్ష మొదలవుతుంది. రబ్బరు అచ్చుల్లో ప్లాస్టర్ పోసి రాతిముఖాలు తీయవచ్చు. ఆ అచ్చులు చాలామటుకు ఐరోపా, అమెరికా కొండలను చూసి చేసినవి. పశ్చిమ కనుమల్లో నల్లరాయి మెట్లు మెట్లుగా, పైన బల్లపరుపుగా ఉంటుంది. హైదరాబాద్ పరిసరాల్లో గుండ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు నిలుస్తాయి. తూర్పు కనుమల్లో రాయి ఎర్రబారి, మట్టిలో కలిసిపోతూ కనిపిస్తుంది. ఒకే అచ్చుతో ఈ మూడూ రావు. రైలుదారి కోసం కొండను కోసిన చోట మరో సూక్ష్మం ఉంది. కోతకు ఎడమవైపు కనిపించే రాతిపొర కుడివైపున కూడా అదే వాలులో కొనసాగాలి. పొరలు కలవకపోతే, భూగర్భశాస్త్రం చదవని ప్రేక్షకుడికి సైతం ఏదో లోపం ఉందని తోస్తుంది, అదేమిటో చెప్పలేకపోయినా.

ప్లాస్టర్ రాయికి రంగు పూయడం కంటే రంగు పారించడం అనడం సబబు. బాగా పలచన చేసిన గోధుమ, కావి, బూడిద రంగులను మచ్చలుగా అద్ది, చివర నల్లని పలుచని నీరు పై నుంచి వదులుతారు. అది పగుళ్లలోకి జారి నీడలవుతుంది. పొడి కుంచెతో అంచులకు లేత రంగు తాకిస్తే వెలుగు పడినట్లుంటుంది.

నేలకు మాత్రం నిజమైన మట్టిని మించినది లేదు. ఏ ఊరి దృశ్యమో ఆ ఊరి మట్టినే తెచ్చి, ఎండబెట్టి, టీ వడపోసే సన్నని జల్లెడలో జల్లించి వాడేవారున్నారు. ఆ మట్టిలో అయస్కాంతం తిప్పి చూడటం మరువకూడదు. ఇనుప రేణువులు ఇంజన్ మోటారులోకి చేరితే అది పాడవుతుంది. మట్టి చల్లిన తరువాత తెల్ల జిగురును నీటిలో పలచన చేసి, అందులో గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క కలిపి, డ్రాపర్‌తో వదులుతారు. ఆ ఒక్క చుక్క లేకపోతే జిగురునీరు ముత్యాల్లా పైనే నిలిచి మట్టిని చెదరగొడుతుంది. చుక్క పడితే తలతన్యత తగ్గి లోపలికి ఇంకుతుంది.

పట్టాల కింది కంకరకూ ఇదే విధానం. ఇక్కడ ఎక్కువమంది గింజ పరిమాణంలో తడబడతారు. అసలు కంకర రాయి 65 మిల్లీమీటర్లకు మించదు. హెచ్‌ఓలో అది ముప్పాతిక మిల్లీమీటరు. అంతకు రెట్టింపున్న గింజలు పోస్తే పట్టాల కింద గుమ్మడికాయలు పేర్చినట్లుంటుంది. పట్టా పక్కభాగానికి తుప్పు రంగు వేసి, చక్రాలు తిరిగే పైభాగాన్ని మెరిసేలా వదలాలి. పాయింట్ల కదలిక భాగాల్లోకి జిగురు చుక్క పోయిందా, ఆ దారి ఇక మారదు.

గడ్డి, చెట్టు, నీరు

గడ్డి నిలబెట్టడానికి స్థిర విద్యుత్తును వాడతారు. జల్లెడ లాంటి చేతి పరికరంలో నైలాన్ పోగులు పోసి, దాని తీగను జిగురు రాసిన నేలలో గుచ్చిన మేకుకు తగిలిస్తారు. పరికరం వేల వోల్టుల ఆవేశం ఇస్తుంది, విద్యుత్ ప్రవాహం మాత్రం అత్యల్పం. ఆవేశం పొందిన పోగులు నిటారుగా దిగి జిగురులో నాటుకుంటాయి. రెండు మిల్లీమీటర్ల పోగు అంటే అసలులో జానెడు గడ్డి.

బజారులో దొరికే గడ్డి రంగులు ఐరోపా వసంతానివి. ఏప్రిల్ నెల రాయలసీమకు ఆ పచ్చదనం అబద్ధం. ఎండుగడ్డి పసుపు, మాసిన గోధుమ ఎక్కువ కలిపి, పచ్చని పోగులను బావి చుట్టూ, కాలువ గట్టున మాత్రమే వాడాలి. ఏ నెలలో రైలు నడుస్తోందో ముందే నిర్ణయించుకోకుండా దృశ్యం మొదలుపెడితే, ఒక పక్క వానకాలం, మరో పక్క ఎండాకాలం తయారవుతాయి.

చెట్లకూ అదే కొరత. దిగుమతి పెట్టెల్లో పైన్ చెట్లు వందలు ఉంటాయి, తాటిచెట్టు దొరకదు. సన్నని రాగితీగలను పురిపెట్టి కాండం, కొమ్మలు చేసి, స్పాంజి పొడి అద్ది వేప, చింత, మర్రి తయారుచేస్తారు. మర్రి ఊడలకు కొబ్బరిపీచు సరిగ్గా సరిపోతుంది. తాటాకుకు కాగితాన్ని విసనకర్రలా మడిచి అంచులు కత్తిరించాలి.

నీరు మోసం చేసినంతగా మరేదీ చేయదు. పారదర్శకమైన రెసిన్‌ను ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పగుళ్లు, బుడగలు వస్తాయి. పలుచని పొరలుగా, ఒకటి ఆరాక మరొకటి పోయాలి. లోతు భ్రమ రెసిన్‌లో లేదు, అడుగున వేసిన రంగులో ఉంది. మధ్యలో ముదురు, గట్టు వైపు లేత. మన నదుల్లో చాలావాటికి ఎండాకాలంలో ఇంత శ్రమ అక్కరలేదు. విశాలమైన ఇసుక, ఒక పక్కగా సన్నని పాయ, పాయలో గేదెలు ఉంటే చాలు.

మన చేతుల్లోని విద్య

సూక్ష్మరూపంలో ఊరిని నిలబెట్టడం తెలుగువారికి పరాయి విద్య కాదు. సంక్రాంతికో దసరాకో పెట్టే బొమ్మల కొలువులో పళ్లెంలో మట్టి పోసి, ఆవాలో మెంతులో చల్లి పచ్చని పొలం మొలిపించడం, అద్దంముక్కతో చెరువు చేయడం ఎన్నో ఇళ్ల ఆనవాయితీ. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి చెక్కతో తాటిచెట్టు, ఎడ్లబండి, దంపుళ్ల దృశ్యం చేస్తూనే ఉన్నారు. రంపపుపొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో వారు అవయవాలను అతికే తీరు, నేటి నమూనా నిర్మాతల పుట్టీ పనికి దగ్గరి చుట్టం. ఆ చేతులకూ ఈ అభిరుచికీ పరిచయం పెద్దగా లేకపోవడం విచారించదగిన విషయం.

పుణెలోని కొత్రుడ్‌లో 1998లో తెరచిన జోషీ సూక్ష్మ రైల్వే మ్యూజియం ఒక వ్యక్తి అభిరుచి నుంచి పుట్టి, ప్రజలకు అందుబాటులోకి వచ్చిన అరుదైన ఉదాహరణ. ఇళ్లలో, డాబా గదుల్లో లేఅవుట్లు కట్టుకుంటున్నవారు ఇతర నగరాల్లోనూ ఉన్నారు. వారికి గేజ్ దగ్గరే మొదటి రాజీ తప్పదు. భారతీయ బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో అది 19 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. దొరికే పట్టాల వెడల్పు మాత్రం 16.5 మిల్లీమీటర్లు. చాలామంది దానికే సర్దుకుని, లోటును దృశ్యంతో పూడుస్తారు.

పూడ్చవలసినది ఇంకా ఉంది. 1992లో గేజ్ ఏకీకరణ మొదలైన తరువాత మీటర్‌గేజ్ మార్గాలు చాలావరకు మారిపోయాయి. 1995 నాటికి బ్రాడ్‌గేజ్‌పై సాధారణ ఆవిరి రైళ్లు ముగిశాయి. చెయ్యి ఎత్తి దించినట్లుండే సిగ్నళ్లు, నీళ్ల కోసం ఇంజను ఆగే స్తంభం, రాతి కట్టడపు చిన్న స్టేషను, దాని ముందు సున్నం కొట్టిన రాళ్ల వరుస, ప్లాట్‌ఫారం మీది వేపచెట్టు చుట్టూ అరుగు. ఇంజన్ల ఫొటోలు, సాంకేతిక చిత్రాలు భద్రంగానే ఉన్నాయి. ఆ అరుగు ఎంత ఎత్తో, కిటికీ చువ్వలు ఎన్నో, గేటుమన్ గది తలుపు ఏ రంగో రాసిపెట్టినవారు తక్కువ. లేఅవుట్ కట్టేవాడు వాటి కోసం పాత స్టేషన్లకు టేపుతో వెళతాడు, రిటైరైన రైల్వే ఉద్యోగులను అడుగుతాడు. రాయ్ ఇంగ్లండ్ చేసింది ఇదే.

ఇందుకు అనువైన మార్గం చూపమంటే కొత్తవలస–కిరండూల్ దారిని ముందుగా చెప్పవచ్చు. యాభైకి పైగా సొరంగాలు, లోయలపై వంతెనలు, బొర్రా, అరకుల మీదుగా సాగే మలుపులు. లేఅవుట్‌లో వంపును దాచడానికి కల్పించే కొండలు అక్కడ నిజంగానే ఉన్నాయి. ఇనుప ఖనిజం మోసే వ్యాగన్లకు ఎర్రని దుమ్ము పొడి కుంచెతో అద్దితే చాలు, ఆ రైలు బైలదిలా నుంచి వస్తోందని తెలిసిపోతుంది.

కట్టిన తరువాత శత్రువులు వేరు. వానకాలపు తేమకు చెక్క ఉబ్బి పట్టాల అతుకులు కదులుతాయి, జిగురుకు బూజు పడుతుంది, చెద ఉండనే ఉంది. ధూళి రోజూ పడుతుంది. మెత్తని కుంచె, చిన్న వాక్యూమ్ గొట్టం, దాని మూతికి సన్నని గుడ్డ చుట్టుకుని, చెట్లు ఊడిరాకుండా నెమ్మదిగా తుడవాలి.

చివరిగా అమర్చేది సాధారణంగా స్టేషన్ పేరు పలక. పసుపు మీద నల్లని అక్షరాలు, మూడు భాషల్లో. అడుగు ఎత్తున్న అక్షరం ఇక్కడ మూడున్నర మిల్లీమీటర్లు. ఇంగ్లిషు పేరు సులువుగా అచ్చవుతుంది. కొత్తవలసలోని తవత్తు మామూలు ప్రింటరులో చుక్కగా అలుక్కుపోతుంది. దానికి మంచి లేజర్ అచ్చు, లేదా భూతద్దం కింద మూడు వెంట్రుకల కుంచె కావాలి. పలక అడుగున సముద్రమట్టం నుంచి ఎత్తు తెలిపే వరుస ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అది కూడా రాసేవారున్నారు.