సున్నపు గరుసు నేలలో ముంబై సంపాదన



మన సరిహద్దు మండలాల్లో ముంబైకి ఒక్కరైనా వెళ్ళని ఊరు అరుదు. కృష్ణా స్టేషన్‌లోనో, తాండూరులోనో రైలెక్కి వెళ్ళిన మనవాళ్ళకు మొదట తెలిసిన చోటు కామాఠిపుర. ఆ పేరే మనవాళ్ళది. 1780లలో వర్లీ దగ్గర సముద్రపు గండికి కట్ట వేశాక ఆ పల్లపు నేల ఆరింది. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు కామాటీలు, అంటే ఇళ్ళు కట్టే కూలీలు, అక్కడ గుడిసెలు వేసుకున్నారు. తరువాత నేతపనివారు వచ్చారు, మిల్లు కార్మికులు వచ్చారు. 1982 మిల్లుల సమ్మె తరువాత పని పోయి కొందరు తిరిగి ఊరి భూమి వైపే చూశారు. ఇప్పటికీ చాల్‌లో ఒక్క గదిలో ఇరుకుగా బతికి కూడబెట్టిన డబ్బు చాలా ఇళ్ళలో రెండిటికే వస్తుంది: బోరుకు, లేకపోతే తోటకు. ఆ డబ్బు పడే నేల తరచుగా సున్నపు గరుసు నేల అవుతోంది. అందుకే ఈ రోజు దాని గురించి మాట్లాడుకుందాం.

మీరు ఆ నేలను చూసే ఉంటారు. పైన జానెడు ఎర్రమట్టి గానీ బూడిదరంగు మట్టి గానీ, దానినిండా గులకరాళ్ళు, మొరం. కాస్త తవ్వితే తెల్లని గడ్డలు, ఇంకా కిందికి పోతే సుద్దలాంటి పొర. వాన పడితే నాలుగు రోజులు పచ్చగా గడ్డి మొలుస్తుంది, దసరా నాటికి ఎండిపోతుంది. ఊరి గొర్రెలు మేసే బీళ్ళు చాలావరకు ఇలాంటివే.

ఈ సున్నం ఎక్కడిది? తాండూరు, బషీరాబాదు వైపు అడుగునే సున్నపురాయి పరుపు ఉంది. కర్ణాటకలోని షాబాదు దాకా అదే పరుపు సాగుతుంది. ముంబై పాత చాళ్ళలో చాలాచోట్ల నేలకు వేసింది ఆ షాబాదు ఫర్షీయే. అంటే చాల్‌లో మీ అన్న పడుకునే బండా, ఇక్కడ మీ పొలంలోని తెల్లగడ్డా ఒక ఇంటివే అన్నమాట. మక్తల్, నారాయణపేట వైపు రాయి వేరు, అక్కడ గ్రానైటు జాతి రాళ్ళు ఎక్కువ. ఆ రాయి చివికినప్పుడు వచ్చే కాల్షియమే నేలలో సున్నంగా మారుతుంది.

ఒక ముచ్చట చూడండి. ముంబై కింద ఉన్నది నల్లరాయి. వికారాబాదు వైపు కొండల్లోనూ ఆ జాతి రాయే. కానీ కొంకణపు గుట్టల మీద సున్నపు గడ్డలు కనిపించవు. అక్కడ ఏటా 2000 మిల్లీమీటర్లకు పైగా కురిసే వాన సున్నాన్ని కరిగించి కడిగి సముద్రానికి తీసుకుపోతుంది. మనకు పడేది సుమారు 600 మిల్లీమీటర్లు. ఆ నీరు సున్నాన్ని కరిగిస్తుంది గానీ బయటికి మోసుకుపోలేదు. అడుగో రెండడుగులో దిగాక నీరు ఆవిరైపోతుంది, సున్నం అక్కడే మిగిలిపోతుంది. వేల ఏళ్ళపాటు ఇలా జరిగితే మొదట పొడి, తరువాత గడ్డలు, చివరికి గడ్డపారకు లొంగని పలక ఏర్పడతాయి. అమెరికా ఎడారి సీమల్లో దీన్నే కలీచే అంటారు. సిమెంటు రాకముందు మన పీఠభూమిలో ఈ గడ్డలనే బట్టీలో కాల్చి, గానుగలో ఇసుకతో నూరి గచ్చు చేసేవారు. కామాటీల చేతికి బాగా తెలిసిన సరుకే ఇది.

ఇక నేల గుణాలకు వద్దాం. ముందు రాయి సంగతి. ఒక అడుగు లోతు మంచి చెలక మట్టి, పైరుకు అందే నీటిని సుమారు 40 మిల్లీమీటర్ల వరకు పట్టి ఉంచుతుంది. అందులో సగం రాళ్ళే అయితే 20. ఎండలో పైరు రోజుకు 4 నుంచి 5 మిల్లీమీటర్లు తాగుతుంది. అంటే వాన ఆగిన నాలుగైదు రోజులకే పైరు వాడిపోతుంది. పక్క పొలం పచ్చగా ఉండి మీది ఎండిపోతే, అది విత్తనం తప్పో దిష్టో కాదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. మట్టి పరీక్ష చేసేవారు మీరిచ్చిన మన్నును 2 మిల్లీమీటర్ల జల్లెడలో జల్లిస్తారు. కింద పడిన మెత్తటి మట్టినే పరీక్షిస్తారు, రాళ్ళు పారేస్తారు. అది సరైన పద్ధతే. కానీ కాగితం మీద పొటాష్ ఎక్కువ, పి.హెచ్. 8.2 అని చూసి భూమి బాగుందనుకుని ముంబై నుంచి లక్షలు పంపేవారికి, అందులో సగం రాయి అని ఆ కాగితం చెప్పదు. ఇంకా కింద పలక ఉందా అన్నది అసలే చెప్పదు.

కాబట్టి డబ్బు పంపేముందు గుంత తవ్వించమనండి. గట్టున ఒకటి, నడుమ ఒకటి, పల్లంలో ఒకటి, మూడేసి అడుగుల లోతున. తవ్విన మట్టిని బకెట్టు నిండా తీసుకుని జల్లించండి. మిగిలిన రాళ్ళు తిరిగి బకెట్టులో పోస్తే ఎంతవరకు వస్తాయో చూడండి. సుమారు లెక్కే, అయినా సరిపోతుంది. గుంత గోడ పక్కన టేపు పెట్టి ఫోనులో ఫొటో తీసి చాల్‌కు పంపండి. తెల్లపొర ఎన్ని అంగుళాల కింద మొదలైంది, గడ్డపార దిగుతోందా, వేర్లు ఎక్కడ పక్కకు తిరిగాయి అన్నవి అక్కడివారు చూడాలి. తెల్లగా ఉన్నది సున్నమో కాదో సందేహమైతే ఆ గడ్డను పొడిచేసి చిక్కటి నిమ్మరసం పోసి చెవి దగ్గర పెట్టుకోండి. సున్నమైతే సన్నగా బుసబుస వినిపిస్తుంది.

తెల్లగా కనిపించినదల్లా చౌడు కాదు. ఈ పొరపాటు వల్ల చాలా జిప్సం వృథా అవుతోంది. చౌడులో చెడు చేసేది సోడియం, దాన్ని వెళ్ళగొట్టడానికి జిప్సం వేస్తారు. సున్నపు నేలలో కాల్షియం ఇప్పటికే కావలసినంత ఉంది. సోడియం లేని నేలకు బాగుచేయడానికని జిప్సం పోస్తే ఒరిగేది లేదు.

సున్నం పైరుకు చేసే చెరుపు వేరే రకం. నేలలో ఇనుము ఉంటుంది గానీ కరగదు, వేరుకు అందదు. వేరుశనగ లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. ముసురు పట్టినప్పుడు, నీరు ఎక్కువ పెట్టినప్పుడు ఇది ముదురుతుంది. కింది ముదురు ఆకులు పసుపైతే నత్రజని లోపం, పైన చిగురు పసుపైతే ఇనుము లోపం. రైతులు రెండిటికీ యూరియానే చల్లుతున్నారు. ఇనుముకు చేయవలసింది ఏమిటంటే, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేయడం, వారం పది రోజులకు మరోసారి చేయడం. అన్నభేదిని నేలలో వేస్తే సున్నం దాన్ని కట్టేస్తుంది. భాస్వరానికీ అదే గతి, అందుకే దాన్ని చల్లకుండా సాలులో విత్తనానికి దగ్గరగా వేయాలి. యూరియాను పైన చల్లి వదిలేస్తే ఈ నేలలో గాలిలోకి పోతుంది. మట్టిలో కప్పండి.

మరి తోట? బత్తాయి మీద మోజు నాకు అర్థమవుతుంది, కానీ రెండడుగుల లోపు సుద్ద ఉన్నచోట నేను వద్దనే అంటాను. మొదటి రెండు మూడేళ్ళు మొక్క బాగానే ఉంటుంది, పైసలు వచ్చే ఏడాదికి వేరు సుద్దను తాకుతుంది. ఇలాంటి చోట సీతాఫలం, ఉసిరి, రేగు, చింత నయం. బాలానగరం పేరు సీతాఫలంతోనే దేశమంతా తెలిసింది కదా. పలక పలుచనైతే మూడడుగుల గుంతలు తీసి, పలకను పగలగొట్టి, పశువుల ఎరువు, చెరువు పూడికమట్టి నింపి నాటవచ్చు. పూడికమట్టికీ నిమ్మరసం పరీక్ష చేయండి, సున్నపు గుట్టల కింది చెరువుల్లో సున్నమే చేరుతుంది. గుంతలో అడుగున నీరు పోసి చూడండి, మరునాటికి ఇంకకపోతే అక్కడ నాటవద్దు. బోరు నీరు గట్టి నీరైతే డ్రిప్పు రంధ్రాలు పూడుకుపోతాయి, ఆ శుభ్రం చేసే ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ట్రాక్టరుతో లోతుగా దున్నించడం ఈ నేలకు మేలు కాదు, సుద్ద పైకి వస్తుంది. పైన పరిచినట్టున్న గులకరాళ్ళన్నీ ఏరేయవద్దు. అవి చినుకు దెబ్బను తమ మీద వేసుకుని మట్టి కొట్టుకుపోకుండా, తేమ ఆరిపోకుండా కాపాడతాయి. దున్నడానికి అడ్డుపడే పెద్దవి తీసి వాలుకు అడ్డంగా కట్టలు వేయండి.

జానెడు మట్టి కూడా లేని చోట దున్నకుండా గడ్డికే వదలడం మంచి లెక్క అని నా అభిప్రాయం. అంజన్ గడ్డి, స్టైలో హమాటా ఈ సున్నాన్ని తట్టుకుంటాయి. తొలకరికి ముందు వాలుకు అడ్డంగా చిన్న కందకాలు తీసి, రెండు వానలు పడ్డాక విత్తనం చల్లి ముళ్ళకంప లాగితే చాలు. చిక్కు ఎక్కడంటే మొదటి ఏడాది మేపుతో. గడ్డి గింజ రాలేదాకా, అంటే అక్టోబరు దాటేదాకా మందను తోలకూడదు. గొర్రెలు ఊరందరివీ అయినప్పుడు కురుమలు, గొల్లలతో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. సగం బీడు ఈ ఏడు మూసి, మిగతా సగం వచ్చే ఏడు మూయడానికి వాళ్ళు ఒప్పుకున్న ఊళ్ళలోనే గడ్డి నిలుస్తుంది. తవ్వేముందు ఏదైనా అడగాలంటే పాలెం, తాండూరు పరిశోధన స్థానాల వారిని కలవండి. మట్టితోపాటు జల్లెడలో మిగిలిన రాళ్ళను కూడా వేరే సంచిలో పట్టుకెళ్ళండి.