గోధుమవర్ణ సముద్రశైవలాల నుండి ఆల్జినేట్: తినదగిన పొరల తయారీ - పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ఆహారాన్ని చుట్టే పల్చని ప్లాస్టిక్ కవరు వాడుక కొద్ది నిమిషాలే. అది నేలలో, నీటిలో మిగిలిపోయే కాలం మాత్రం చాలా దీర్ఘమైనది. ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులపై 2022 జులై 1 నుండి మన దేశంలో నిషేధం అమలులోకి వచ్చింది. ఈ నేపథ్యంలో ఆల్జినేట్ పొరలు ప్లాస్టిక్‌కు ఎంతవరకు ప్రత్యామ్నాయం కాగలవో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆల్జినేట్ స్వరూపం:

గోధుమవర్ణ శైవలాల కణకవచాలలో ఉండే పాలీశాకరైడ్ ఆల్జినేట్. 1881లో బ్రిటిష్ రసాయనశాస్త్రవేత్త స్టాన్‌ఫర్డ్ దీని సంగ్రహణకు పేటెంట్ పొందాడు. మాన్యురోనిక్, గులురోనిక్ ఆమ్లాలు దీని గొలుసులోని అంగాలు. శీతల సముద్రాలలో లామినేరియా, మాక్రోసిస్టిస్ దీనికి ప్రధాన వనరులు. మన దేశంలో తమిళనాడు తీరాన మన్నార్ సింధుశాఖలో లభించే సర్గాసమ్, టర్బినేరియా జాతులను ఇందుకు సేకరిస్తారు. విశాఖపట్నం రాతి తీరాలలోనూ సర్గాసమ్ పెరుగుతుంది.

3. సంగ్రహణ విధానం:

శైవలంలో ఆల్జినేట్ ప్రధానంగా కాల్షియం, మెగ్నీషియం, సోడియం లవణాల మిశ్రమంగా ఉంటుంది. ఆ రూపంలో నీటిలో సులభంగా కరగదు. అందువల్ల కడిగి, ఎండబెట్టి, ముక్కలు చేసిన శైవలాన్ని మొదట విలీన ఆమ్లంలో నానబెడతారు. కాల్షియం తొలగి ఆల్జినిక్ ఆమ్లం మిగులుతుంది. తరువాత సోడియం కార్బొనేట్ ద్రావణంలో వేడిచేస్తే అది కరిగే సోడియం ఆల్జినేట్‌గా మారుతుంది. ఆ జిగురు ద్రావణాన్ని నీటితో పలుచన చేసి వడకడతారు. దానికి కాల్షియం క్లోరైడ్ కలిపితే నారవంటి అవక్షేపం ఏర్పడుతుంది. దానిని ఆమ్లంతో కడిగి, మళ్లీ సోడియం కార్బొనేట్‌తో కలిపి, ఆరబెట్టి పొడి చేస్తారు. ఆమ్లగాఢత, వేడి హద్దు మీరితే గొలుసులు తెగుతాయి, పొర బలహీనమవుతుంది.

4. పొర తయారీ:

సోడియం ఆల్జినేట్ ద్రావణానికి కొద్దిగా గ్లిసరాల్ కలిపి, చదునైన పళ్లెంలో పోసి ఆరబెడతారు. గ్లిసరాల్ లేని పొర పెళుసుగా విరుగుతుంది. ఆరిన పొర నీటిలో కరిగిపోకుండా కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో ముంచుతారు. గులురోనిక్ భాగాల మధ్య కాల్షియం అయాన్లు ఇమిడి గొలుసులను బంధిస్తాయి. గుడ్లు అమరిన పెట్టెను పోలినందున శాస్త్రజ్ఞులు దీనిని 'గుడ్లపెట్టె నమూనా' అన్నారు. గులురోనిక్ భాగం ఎక్కువైతే బంధం గట్టిపడుతుంది.

5. ప్రయోజనాలు - పరిమితులు:

2019 లండన్ మారథాన్‌లో పరుగెత్తేవారికి సముద్రశైవలాలతో చేసిన తినదగిన గుళికలలో పానీయం అందించారు. పొడిగా ఉన్నప్పుడు ఆల్జినేట్ పొర ఆక్సిజన్‌ను, నూనెను బాగా అడ్డుకుంటుంది. నీటి ఆవిరిని మాత్రం ఆపలేదు. అందుకే దీనికి మైనం వంటి జలవిరోధక పదార్థాలను జోడిస్తారు. నెలల తరబడి నిల్వ ఉంచే పొడి సరుకులకు ఈ పొర ఒక్కటే చాలదు.

6. ముగింపు:

ఆల్జినేట్ పొర ప్లాస్టిక్‌కు సంపూర్ణ ప్రత్యామ్నాయం కాదు. త్వరగా వాడే ఆహారానికి తగిన ప్రత్యామ్నాయం. అయితే సర్గాసమ్ చేపలకు, చిన్న జీవులకు ఆశ్రయం. దానిని రాతికి అంటిన మూలంతో సహా పెరికితే మళ్లీ చిగురించదు. మూలాన్ని వదిలి పైభాగాన్నే కోసే నియమం పాటించినప్పుడే, ఒక కాలుష్యానికి వెతికిన పరిష్కారం మరొక నష్టానికి కారణం కాకుండా ఉంటుంది.