కొలువు కదలిననాడు

నెల మొదట జీతము వచ్చునన్న నమ్మకముమీదనే మనలో ననేకుల సంసారములు నడచుచున్నవి. బియ్యము, పాలవాని లెక్క, పిల్లల బడిజీతము, ఇంటియద్దె - ఇవన్నియు నా నమ్మకమునకు వేసిన ముడులే. కొలువిచ్చిన సంస్థయే కదలినచో ముడులన్నియు నొక్కమారుగా వదులగును. అట్టి దినములలో పనివారిని నడపు పెద్దల ధర్మమేమి? ఈ ప్రశ్న కచేరీలకే గాక మన యిండ్లకును జెందినదని తలచి వ్రాయుచున్నాము.

దీనికి దూరము పోనక్కరలేదు. సత్యం కంప్యూటర్స్ అను సంస్థ 1987వ సంవత్సరమున మన సికిందరాబాదులోనే పుట్టినది. తొలుత పట్టుమని యిరువదిమంది లేని యా కొలువు ఇరువదిరెండేండ్లలో సుమారు ఏబదివేలమందికి అన్నము పెట్టు స్థితికి వచ్చెను. 2009 జనవరి 7వ తేదీని దాని యధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలలో చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు అసలే లేవని స్వయముగా లేఖ వ్రాసి పదవి విడిచెను. పేరున నున్న సత్యము పద్దులలో లేకపోయెను.

మరునాడు పనిలో కూర్చున్నవారి మనస్సెట్లుండునో యూహింపుడు. పని యాపినచో దూరదేశములలోని ఖాతాదారుల వ్యవహారములు నిలిచిపోవును; సాగించినచో జీతము వచ్చునో రాదో తెలియదు. పదిమంది జట్టును నడపు నాయకునికి తన రేపటి సంగతియే తెలియదు. అయినను పదిమందియు నాతని ముఖమువంకనే చూతురు.

విరాటపర్వములోని యుత్తరకుమారుని తలచుకొనుడు. కౌరవసేనను కన్నులార చూచి, రథము దిగి పరుగెత్తిన యా బాలుని బృహన్నల పట్టి తెచ్చెను. భయపడకుమని చెప్పి యూరకుండలేదు. జమ్మిచెట్టుపై దాచిన యాయుధములను దింపించి, తానెవ్వరో నిజము చెప్పెను. యుద్ధము తాను చేసెదనని, పగ్గములు పట్టుట మాత్రము నీ పనియని యొప్పగించెను. పారిపోయినవాడే సారథి యయ్యెను. భయపడినవారికి కావలసినవి రెండే: నిజము, తమ చేతనగు పని.

సత్యం సంస్థను నిలిపిన విధమును ఈ దృష్టితో చూడవలెను. ప్రభుత్వము పాత పాలకమండలిని తొలగించి, జనవరి 11వ తేదీని కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, అచ్యుతన్ గార్లను నియమించెను; పిదప మరి మువ్వురు చేరిరి. ఖాతాదారులు చేజారకుండుట, జీతములు ఆగకుండుట - ఈ రెంటిని వారు ముందు చూచుకొనిరి. బ్యాంకులనుండి 600 కోట్లు అప్పు సమకూర్చిరి. ఫిబ్రవరిలో, సంస్థలోనే యేండ్లతరబడి పనిచేసిన ఏ.ఎస్. మూర్తిగారికి కార్యభారము నప్పగించిరి. ఇంటి సంగతి తెలిసినవారు చెప్పిన మాటను ఇంటివారు త్వరగా నమ్ముదురు గదా! ఏప్రిల్ 13వ తేదీని టెక్ మహీంద్రా పోటీలో గెలిచి సంస్థను చేపట్టెను. 2013లో రెండును ఏకమయ్యెను.

అయితే అందరికిని మేలే జరిగినదని చెప్పజాలము. 2009 జూన్ నెలలో, చేయుటకు పనిలేని వేలమందిని ‘వర్చువల్ పూల్’ అను పేర ఇంటికడ నుంచిరి. ఆరుమాసములవరకు మూలవేతనము మొదలగు కొంత సొమ్ము ఇత్తుమనియు, పని దొరికినచో పిలుతుమనియు ఏర్పాటు. గడువును, సొమ్మును ముందుగా తెలుపుట మెచ్చదగినది. కాని కఠినమైన దానికి మెత్తని పేరు పెట్టుట మాకు రుచింపలేదు. ఇల్లు నడపునామెకు పేరుతో పనియేమి? ఎంత వచ్చును, ఎన్నాళ్లు వచ్చును అనునదియే ఆమెకు కావలెను.

నేడు జట్టులను నడపువారిలో మన సోదరీమణులును అనేకులు కలరు. వారికి మా మనవి యిది. తెలిసినది చెప్పుడు. తెలియనిది తెలియదనుడు. మరల ఏ దినమున చెప్పుదురో ఆ దినము చెప్పుడు. చెప్పుటకు క్రొత్తసంగతి లేకున్నను ఆనాడు తప్పక కూర్చుండుడు. ఏడాది సంగతి చేతిలో లేనపుడు ఈ వారము ముగింపదగిన పనిని ఒక్కొక్కరికి నిర్ణయింపుడు. మాట రాని చోట వదంతి పుట్టును.

ఇంటనుండు మనకును ఇదియే ధర్మము. కొలువు కదలినదన్న సంగతిని దాచు భర్తయు, అడుగుటకు జంకు భార్యయు ఇద్దరును ఒంటరిగా భయపడుచుందురు. దీపము పెట్టిన పిమ్మట పద్దుపుస్తకము నడుమ నుంచుకొని, ఉన్న సొమ్మెంత, ఎన్ని నెలలకు చాలును, ఏ ఖర్చు ఆపవచ్చును అని ఇద్దరును కలిసి లెక్క చూచుకొనుట మేలు. ఆ లెక్కతో కష్టము తీరదు. కాని దాని కొలత తెలియును. కొలత తెలిసిన కష్టమును ఇద్దరు పంచుకొని మోయగలరు.